నేరం తరువాత మొదలయ్యే నవల

ఒక నవలకు కొనసాగింపుగా వచ్చే రెండో నవల సాధారణంగా మొదటిదాని విజయాన్ని నమ్ముకుని పుడుతుంది. పాఠకులు అప్పటికే అభిమానించిన పాత్రలను మరికొన్ని సాహసాల్లోకి నడిపించి, మొదటి పుస్తకంలో దొరికిన ఆనందాన్నే మరోసారి అందించడం దాని పని. 2019 ఆగస్టులో వెలువడిన ‘ది డ్రాగన్ రిపబ్లిక్’ ఆ దారిన నడవలేదు, నడిచే వీలూ దానికి లేదు. చైనాలో పుట్టి అమెరికాలో పెరిగిన రచయిత్రి ఆర్. ఎఫ్. క్వాంగ్ 2018లో ప్రచురించిన ‘ది పాపీ వార్’కు ఇది కొనసాగింపు. ఆ మొదటి నవల ముగిసేసరికి కథానాయిక ఒక శత్రుదేశాన్ని, సైనికులతో పాటు పసిపిల్లలనూ వృద్ధులనూ కలిపి, కాల్చి బూడిద చేసి ఉంటుంది. అంతటి పని చేసిన మనిషి మరునాడు నిద్ర లేచి ఎలా బతకాలి, ఎవరి ముఖం చూడాలి, ఏ జెండా కింద నిలబడాలి అన్న ప్రశ్నల నుంచి రెండో నవల మొదలవుతుంది. అందుకే ఇది, తొలి పుస్తకం కంటే తక్కువ వేగంతో నడిచినా, అంతకంటే లోతైన పుస్తకం.

విమర్శకులు ఈ నవలను ‘డార్క్ ఫాంటసీ’ అనే కోవలో చేరుస్తారు. మంత్రశక్తులు, దేవతలు, ఊహాలోకాలు ఉన్న కథను ఫాంటసీ అంటారు. కాశీమజిలీ కథల నుంచి చందమామ ధారావాహికల దాకా ఆ లోకం తెలుగువారికి పరిచితమే. ఆ కథల్లో మాంత్రికుడు ఎంత భయంకరుడైనా చివరికి ఓడిపోతాడు, రాకుమారుడు గెలుస్తాడు, రాజ్యం మళ్ళీ సుభిక్షమవుతుంది. డార్క్ ఫాంటసీలో ఆ భరోసా ఉండదు. అక్కడ ప్రతి శక్తికీ ఒక వెల ఉంటుంది, ఆ వెలను తరచుగా ఏ పాపం ఎరుగని వారు చెల్లిస్తారు, గెలిచినవారు సైతం గెలవడానికి చేసిన పనుల వల్ల చెడిపోతారు. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’నూ, దానికి కొనసాగింపైన ‘తులసి’నీ చదివిన తరానికి చేతబడి చుట్టూ అల్లిన భయం తెలుసు, అయితే ఆ నవలల్లో చీకటి ఒక కుటుంబం మీదికి బయటి నుంచి వచ్చి పడుతుంది, క్వాంగ్ నవలల్లో అది కథానాయిక లోపలే పుట్టి దేశమంతటా వ్యాపిస్తుంది.

సినిమా పత్రికలు తరచుగా వాడే ‘గ్రే షేడ్స్ ఉన్న పాత్ర’ అన్న మాట ఇక్కడ మరింత బరువైన అర్థంలో వర్తిస్తుంది. కొంచెం దురుసుగా మాట్లాడి చివరికి మంచిదని తేలే నాయిక గురించిన మాట కాదిది. చేసిన పని ఘోరమని పాఠకుడికి స్పష్టంగా తెలుస్తూనే, ఆమె పుట్టి పెరిగిన పరిస్థితుల్లో మరొకరు ఏం చేసేవారో తేల్చి చెప్పలేని స్థితిలోకి అతణ్ణి నెట్టే పాత్ర గురించిన మాట. పల్నాటి యుద్ధకథలో నాయకురాలు నాగమ్మను శతాబ్దాల పాటు కుట్రలకు మూలమైన స్త్రీగా చెప్పుకున్న తెలుగు సమాజంలోనే, పురుషుల రాజ్యంలో మంత్రిపదవి చేపట్టి రాజనీతి నడిపిన సమర్థురాలిగా ఆమెను తిరిగి చూసిన రచయితలూ ఉన్నారు. అవే పనులకు, చెప్పేవారిని బట్టి, రెండు తీర్పులు వచ్చాయి. క్వాంగ్ నాయిక రిన్ విషయంలో ఆ రెండు తీర్పులనూ ఒకే పాఠకుడు ఒకే పుస్తకం చదువుతూ మోయవలసి వస్తుంది.

కొనసాగింపు అర్థం కావాలంటే మొదటి నవల కథ కొంత తెలియాలి. నికాన్ అనే పన్నెండు రాష్ట్రాల సామ్రాజ్యంలో, దక్షిణాన వెనుకబడిన ఒక ఊళ్ళో, యుద్ధంలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న రిన్ నల్లమందు వ్యాపారం చేసే ఇంట్లో పెరుగుతుంది. ఇష్టం లేని పెళ్ళి తప్పించుకోవడానికి ఆమె రాత్రింబగళ్ళు చదివి, దేశమంతటికీ కలిపి జరిగే ‘కేజూ’ పరీక్షలో అసాధారణ ఫలితం సాధించి, రాజధానిలోని సైనిక విద్యాలయంలో చేరుతుంది. అక్కడ ఉన్నత వంశాల పిల్లలు ఆమె నల్లని ఒంటిరంగునూ దక్షిణాది యాసనూ వెక్కిరిస్తారు. నెలసరి తన శిక్షణకు అడ్డు రాకూడదని ఆమె ఔషధంతో గర్భాశయాన్నే నాశనం చేసుకుంటుంది. లక్ష్యం కోసం తన శరీరాన్ని ఇంత తేలికగా బలి పెట్టగల అమ్మాయి, అవసరం వచ్చినప్పుడు ఇతరుల శరీరాలను ఏం చేయగలదన్న హెచ్చరిక ఆ ఘట్టంలోనే ఉంది. ఆ తరువాత ముగెన్ అనే ద్వీపదేశం దండెత్తుతుంది, గోలిన్ నీస్ అనే నగరంలో ఊచకోత జరుగుతుంది, రిన్ తాను నిర్మూలించబడిన స్పియర్ అనే ద్వీపపు జాతికి చెందిన దానినని తెలుసుకుని, ఆ జాతి కొలిచే అగ్నిపక్షి దేవతను తనలోకి ఆవాహన చేసుకుని, ముగెన్ ద్వీపాన్ని నామరూపాలు లేకుండా చేస్తుంది.

ఈ కల్పన వెనుక ఉన్న చరిత్రను క్వాంగ్ దాచలేదు. గోలిన్ నీస్ ఘట్టానికి మూలం 1937 డిసెంబరు 13న జపాన్ సేనల చేతికి చిక్కిన నాన్జింగ్ నగరం. అక్కడ వారాల తరబడి సాగిన హత్యలు, అత్యాచారాలలో మరణించిన వారు రెండు లక్షలకు పైమాటేనని యుద్ధానంతరం టోక్యోలో జరిగిన విచారణ అంచనా వేయగా, చైనా ప్రభుత్వం ఆ సంఖ్యను మూడు లక్షలుగా చెబుతుంది. నవలలో బందీల మీద ప్రయోగాలు చేసే షిరో అనే వైద్యుడి పేరు, హార్బిన్ దగ్గర జపాన్ సైన్యం నడిపిన 731వ దళానికి అధిపతి అయిన షిరో ఇషీని సూటిగా గుర్తుచేస్తుంది. ‘కేజూ’ కూడా కల్పన కాదు. సామాన్యులు సైతం కొలువులు అందుకునేందుకు చైనా చక్రవర్తులు శతాబ్దాల పాటు నడిపి, 1905లో రద్దు చేసిన పోటీ పరీక్షల పేరే అది. ఒక ద్వీపదేశం క్షణాల్లో మంటల్లో కలిసిపోయే దృశ్యం 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి మీద పడిన అణుబాంబులను తలపించక మానదు.

1996లో గ్వాంగ్‌జౌలో పుట్టి, నాలుగేళ్ళ వయసులో తల్లిదండ్రులతో అమెరికా వెళ్ళి, టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్‌లో పెరిగిన క్వాంగ్, పందొమ్మిదేళ్ళ వయసులో చదువుకు విరామమిచ్చి చైనాలో ఉన్నప్పుడు ఈ రచన మొదలుపెట్టింది. తన కుటుంబంలో పెద్దలు చూసిన యుద్ధకాలపు సంగతులు ఆమెకు అప్పుడే వివరంగా తెలిశాయి. ఆ తరువాత జార్జ్‌టౌన్, కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల్లో చైనా చరిత్రనూ సమాజాన్నీ చదివిన ఫలితం రెండో నవలలో స్పష్టంగా కనిపిస్తుంది. మొదటి నవలను నడిపించేది ఆగ్రహం. రెండో నవలలో ఆ ఆగ్రహానికి చరిత్ర అధ్యయనం తోడవుతుంది.

రెండో నవల తెరుచుకునేసరికి రిన్ తెగిపడిన గాలిపటంలా ఉంటుంది. ‘షామన్’ల దళానికి ఆమె నాయకురాలు. షామన్ అంటే మత్తుపదార్థాల సాయంతో దేవతల లోకాన్ని చేరి, ఒక దేవతను తన ఒంటి మీదికి తెచ్చుకునే మనిషి. బోనాల నాడు రంగం చెప్పే స్త్రీని చూసిన వారికి పూనకం అనే మాటతో ఇది సులభంగా అర్థమవుతుంది. తేడా ఏమిటంటే, క్వాంగ్ లోకంలో పూనిన దేవత తనంతట తాను దిగిపోదు. ఎక్కువసార్లు పిలిచిన కొద్దీ మనిషి బుద్ధిని తినేస్తుంది, చివరికి పిచ్చివారైన షామన్‌లను చులూ కోరిక్ అనే పర్వతంలో రాతి గోడల్లో బతికుండగానే బంధిస్తారు. తనలోని అగ్నిదేవత గొంతు వినబడకుండా చేసుకోవడానికి రిన్ నల్లమందుకు బానిస అవుతుంది. చనిపోయిన తన నాయకుడు ఆల్తాన్ ఆమెకు మాటిమాటికీ కనిపిస్తాడు, నిందిస్తాడు. దళంలోని వారు ఆమె తీసుకునే నిర్ణయాలను నమ్మడం మానేస్తారు. తమను శత్రువుకు అమ్మిన సామ్రాజ్ఞి దాజీని చంపాలన్న ఒక్క కోరిక మాత్రమే ఆమెను నిలబెడుతుంది. ఆ కోరికను వాడుకోవడానికి సిద్ధంగా ఉన్నవాడు డ్రాగన్ రాష్ట్రాధిపతి యిన్ వైశ్రా.

ఈ నవలలోని అసలు పరిశీలన వైశ్రా ప్రవేశంతో మొదలవుతుంది. రిన్‌ను చాలామంది పాఠకులు కోపంతో రగిలే అమ్మాయిగా గుర్తుపెట్టుకుంటారు, ఆ మంటలు అలాంటివి కూడా. శ్రద్ధగా చదివితే మాత్రం ఆమెలోని ప్రమాదకరమైన గుణం కోపం కంటే విధేయత అని తెలుస్తుంది. మొదటి నవలలో ఆమె ఆల్తాన్ మెప్పు కోసం ప్రాణం పెడుతుంది. అతడు పోయాక ఆ ఖాళీని నింపడానికి మరొకరు కావాలి. వైశ్రా ఆమె చేత బలవంతంగా నల్లమందు మాన్పిస్తాడు, తిట్టవలసిన చోట తిడతాడు, మెచ్చుకోవలసిన చోట ఆచితూచి ఒక్క మాట అంటాడు, ఆ ఒక్క మాట కోసం ఆమె నగరాలను కాల్చడానికైనా సిద్ధపడుతుంది. ముగెన్‌లో చేసిన పని బరువు మోయలేని మనిషికి, ఇక నుంచి నిర్ణయాలు నావి, నీవు ఆజ్ఞ పాటిస్తే చాలు అనే నాయకుడు దొరకడం ఎంత ఊరటో క్వాంగ్ ఎంతో సూక్ష్మంగా చూపిస్తుంది. పెద్ద నేరాలు చేసిన సైనికులు తరువాత విచారణల్లో ఆజ్ఞను పాటించామనే చెప్పుకున్నారు. ఆ వాదన బయటి నుంచి వినేటప్పుడు రోత పుట్టిస్తుంది, ఈ నవల దాన్ని లోపలి నుంచి వినిపిస్తుంది.

నవల పేరులోని రిపబ్లిక్ వైశ్రా వాగ్దానం. సామ్రాజ్యాన్ని కూలదోసి, ప్రజలు ఎన్నుకునే ప్రభుత్వాన్ని నెలకొల్పుతానని అతడు రాష్ట్రాధిపతులను పిలుస్తాడు, వారిలో కొందరు చేరతారు, కొందరు ఎదురు తిరుగుతారు, అంతర్యుద్ధం మొదలవుతుంది. 1911 విప్లవం తరువాత చైనాలో గణతంత్రం పేరుకు ఏర్పడి, 1916లో యువాన్ షికాయ్ మరణంతో దేశం సైన్యాధిపతుల మధ్య ముక్కలై, 1926లో చియాంగ్ కైషేక్ నాయకత్వంలో దక్షిణం నుంచి ఉత్తరానికి దండయాత్ర సాగి, మరుసటి ఏడాది ఏప్రిల్‌లో షాంఘైలో అప్పటిదాకా మిత్రులుగా ఉన్న కమ్యూనిస్టులను ఊచకోత కోసిన క్రమం తెలిసిన వారికి, వైశ్రా మాటల వెనుక ఏం పొంచి ఉందో ముందుగానే అనుమానం వస్తుంది. క్వాంగ్ చరిత్రను వరుసగా అనువదించదు. వేర్వేరు శతాబ్దాల ఘట్టాలను ఒకచోట కలుపుతుంది. బోయాంగ్ సరస్సు మీద జరిగే నౌకాయుద్ధంలో, 1363లో పోయాంగ్ సరస్సు మీద జరిగి మింగ్ వంశానికి దారి వేసిన యుద్ధపు ఛాయ ఉంది. ఎర్రకొండల దగ్గరి పోరాటం క్రీ.శ. 208 నాటి ప్రసిద్ధ యుద్ధాన్ని గుర్తుచేస్తుంది.

కథ మధ్యలో జరిగే ఒక మలుపు నాయిక స్వభావాన్ని పరీక్షించడానికే ఏర్పరచినట్టుంటుంది. ఆమె మనసు మీద దాజీ ఒక ముద్ర వేస్తుంది. ఆ ముద్ర వల్ల రిన్ అగ్నిని పిలవలేదు. అద్భుతశక్తి ఉన్న నాయికల కథల్లో శక్తి పోవడం కొత్త విషయం కాదు, అది ఎప్పుడు తిరిగి వస్తుందా అని ఎదురుచూడటమే అక్కడి ఉత్కంఠ. ఇక్కడ ఉత్కంఠ మరో చోట ఉంది. అగ్ని లేని రిన్ మామూలు పదాతి సైనికురాలిగా కత్తి పట్టుకుని, పక్కన ఉన్నవారితో కలిసి తిని, కలిసి భయపడి, కొన్నాళ్ళు దాదాపు సుఖంగా బతుకుతుంది. అయినా ప్రతి క్షణం ఆ శక్తి కోసం తహతహలాడుతుంది, ఎందుకంటే అది లేకపోతే తనకు విలువ లేదని ఆమె నమ్మకం. ఆయుధంగా ఉన్నంత కాలమే తనను ఎవరైనా ఉంచుకుంటారని చిన్ననాటి నుంచీ నేర్చుకున్న పిల్ల ఆమె. ఆ భాగం చదువుతున్నప్పుడు ఆమె మీద కలిగే జాలి, మొదటి నవల చివర ఆమె చేసిన పనిని మరిపించదు, మరిపించాలని రచయిత్రి ప్రయత్నించదు కూడా.

నవలలోని మరో బలమైన అంశం హెస్పీరియన్లు. వీరు సముద్రాల అవతల నుంచి తుపాకులతో, గాలిలో ఎగిరే ఓడలతో వచ్చిన తెల్లజాతి వారు. ఒకే దేవుణ్ణి, సృష్టికి క్రమం నేర్పిన ఒక దివ్య నిర్మాతను నమ్ముతారు. నికాన్ ప్రజలు తమ సాయానికి అర్హులో కాదో నిరూపించుకోవాలని ఒడ్డున కూర్చుని చూస్తారు. వారి మతబోధకురాలు సిస్టర్ పెట్రా, సైనిక సాయానికి షరతుగా, రిన్ శరీరాన్ని పరిశోధనకు తీసుకుంటుంది. తలనూ అవయవాలనూ కొలిచి, ఈ జాతి బుద్ధి ఎందుకు తక్కువో నిర్ధారించే ఆ దృశ్యాలు, శారీరక హింస పెద్దగా లేకపోయినా, పుస్తకం మొత్తంలో అత్యంత అవమానకరంగా అనిపిస్తాయి. తెలుగు పాఠకులు దీన్ని దూరదేశపు సంగతిగా చూడనక్కరలేదు. తలల వెడల్పునూ ముక్కుల పొడవునూ కొలిచి మనుషులను మెట్లుమెట్లుగా పేర్చిన శాస్త్రం బ్రిటిష్ పాలనలో ఇక్కడా సాగింది. 1901 జనాభా లెక్కలకు అధిపతి అయిన హెర్బర్ట్ రిస్లీ ముక్కు కొలతలతో కులాలకు వరుస కట్టాడు, మద్రాసు ప్రభుత్వ మ్యూజియానికి సూపరింటెండెంటుగా ఉన్న ఎడ్గార్ థర్‌స్టన్ తెలుగు జిల్లాలు కూడా చేరిన ఆ రాష్ట్రంలో కులాల వారినీ గిరిజనులనూ ఇలాగే కొలిచి, 1909లో ఏడు సంపుటాల గ్రంథం వెలువరించాడు. పెట్రా చేతిలోని కొలత పరికరం ఊహ నుంచి పుట్టింది కాదు.

నల్లమందు విషయంలో ఈ కథకు భారతదేశంతో మరింత దగ్గరి సంబంధం ఉంది. రిన్‌ను పెంచిన ఇల్లు నల్లమందు మీద బతికింది, ఆమె జాతిని నికాన్ చక్రవర్తులు నల్లమందు ఇచ్చి బానిస సైనికులుగా ఉంచారు, ఆమె స్వయంగా దానికే దాసోహమైంది. మొదటి నవల పేరులోనే గసగసాల పువ్వు ఉంది. చైనాను నిజంగా కుంగదీసిన నల్లమందులో పెద్ద భాగం బీహార్, బనారస్ ప్రాంతాల రైతుల చేత పండించి, పాట్నా, గాజీపూర్ కర్మాగారాల్లో ఈస్ట్ ఇండియా కంపెనీ ఉండలు చేయించి అమ్మినదే. అది దిగిన రేవు కాంటన్, అంటే క్వాంగ్ పుట్టిన గ్వాంగ్‌జౌ. 1839లో చైనా అధికారి లిన్ జెషూ సుమారు ఇరవై వేల పెట్టెల సరుకును నాశనం చేయించగా, అదే సాకుగా బ్రిటన్ యుద్ధానికి దిగి, 1842 నాటి నాన్జింగ్ ఒప్పందంతో హాంకాంగ్‌ను తీసుకుంది. ఒక దేశపు నేలనూ మరో దేశపు నరాలనూ ఒకే కంపెనీ పిండుకున్న ఈ చరిత్ర తెలిస్తే, హెస్పీరియన్ల మర్యాదపూర్వకమైన మాటలు వింటూ రిన్‌కు కలిగే వణుకు మరింత బాగా అర్థమవుతుంది.

పాత్రల పేర్లలో కూడా రచయిత్రి ఒక లోతైన పని చేసింది. దాజీ, నెజా, జియాంగ్ జియా అనే పేర్లు 16వ శతాబ్దానికి చెందిన ‘ఫెంగ్‌షెన్ యాన్యీ’ అనే చైనా పురాణ నవలలోనివి. అందులో దాజీ, రాజును మోహపెట్టి షాంగ్ వంశాన్ని నాశనం చేసిన మాయలాడి. నెజా, డ్రాగన్ రాజు కొడుకును చంపి, తండ్రితో తగవుపడి, తన మాంసాన్నీ ఎముకలనూ తల్లిదండ్రులకు తిరిగి ఇచ్చి, తామరపువ్వు నుంచి మళ్ళీ పుట్టిన బాలుడు. చైనా యానిమేషన్ సినిమాల ద్వారా ఈ బాలుడి పేరు ఇటీవల ప్రపంచమంతటా తెలిసింది. క్వాంగ్ ఈ కథను తిరగేసింది. ఆమె నెజా వైశ్రా కొడుకు. చిన్నప్పుడు నీటిగుహలో డ్రాగన్ చేతిలో తమ్ముణ్ణి పోగొట్టుకుని, తానూ దానికి చిక్కి, ఒంట్లో తీరని నొప్పితో పెరిగినవాడు. పురాణ బాలుడు తండ్రిని ఎదిరిస్తాడు, ఈ నెజా మాత్రం తండ్రి మాటను దాటలేడు. రిన్, నెజా ఇద్దరూ విధేయత అనే ఒకే వ్యాధితో బాధపడుతున్న వారు. వారి మధ్య పెరిగే ఇష్టం, దానికి పట్టే గతి, ఈ కోణం నుంచి చూస్తే ప్రేమకథ కంటే విషాదంగా కనిపిస్తాయి. దాజీ విషయంలో కూడా, దేశపతనానికి ఒక స్త్రీని నిందించే పాత అలవాటును నవల మొదట వాడుకుని, తరువాత నెమ్మదిగా ప్రశ్నిస్తుంది.

రిన్ నైతికతను తూచే త్రాసుగా నవలలో కనిపించేది మిత్రుడు కితాయ్. ముగెన్‌లో ఆమె చేసిన పనిని అతడు క్షమించడు, కారణాలు చెప్పి సమర్థించనివ్వడు. అయినా ఆమెను విడిచిపెట్టడు. ఆమె మళ్ళీ అగ్నిని పిలవగలగడానికి అతడి ఆత్మ ఆమె ఆత్మతో ముడిపడుతుంది, అప్పటి నుంచి ఆమె శరీరానికి తగిలే ప్రతి గాయం నొప్పి అతడికీ తెలుస్తుంది. కథాపరంగా ఇది మంత్రపు ఏర్పాటు. నైతికంగా చూస్తే, తన పనుల ఫలితాన్ని ఎన్నడూ తాను మాత్రమే అనుభవించలేని మనిషి స్థితికి ఇంతకంటే స్పష్టమైన రూపం దొరకదు. కితాయ్ లేకపోతే రిన్ పూర్తిగా నల్లబడిపోయేది, అతడున్నందువల్ల ఆమె ధూసరంగా మిగిలింది. ఒక పాత్రను మధ్యస్థంగా ఉంచాలంటే ఆమె చేత కొన్ని మంచి పనులు, కొన్ని చెడ్డ పనులు చేయిస్తే సరిపోదని, ఆమెను నిజంగా ఎరిగిన ఒకరి కళ్ళతో నిరంతరం చూపించాలని క్వాంగ్‌కు తెలుసు.

చివరి భాగంలో నవల తన అసలు తీర్పును బయటపెడుతుంది. గెలుపు వస్తుంది, రిపబ్లిక్ నిలుస్తుంది, హెస్పీరియన్లు తమకు అనువైన సమయంలో దిగి తమ వాటా అడుగుతారు. దక్షిణాది రాష్ట్రాల్లో ముగెన్ సైనికుల మిగిలిన దళాలు ఊళ్ళను ఇంకా తగలబెడుతున్నాయని, వైశ్రా రాజధాని ఆర్లాంగ్‌కు చేరిన కాందిశీకులూ అక్కడి రాష్ట్రాధిపతులూ మొరపెట్టుకున్నా వినేవాడు లేడు. రిన్ చూసిన ఆ కాందిశీకులు ఆమె రంగువారు, ఆమె యాసవారు. ప్రజాస్వామ్యం అనే మాటలో తన ఊరివాళ్ళకు చోటు లేదని ఆమె గ్రహించేసరికి ఆమె అవసరం పాలకులకు తీరిపోతుంది. ఆయుధాన్ని పరిశోధకులకు అప్పగించాలని నిర్ణయమవుతుంది, అది అమలు చేసే చేయి నెజాదే అవుతుంది. ఆ ద్రోహం నుంచి బయటపడే క్రమంలో రిన్ తన కుడిచేతిని కోల్పోతుంది. ఇక తనను ఎవరూ నడిపించనక్కరలేదని, దక్షిణాదికి తానే నాయకత్వం వహిస్తానని ఆమె తీర్మానించుకోవడంతో నవల ముగుస్తుంది. పాఠకుడికి అది విజయంలా వినిపిస్తుంది. విధేయతను వదిలినంత మాత్రాన మనిషి మంచివాడు కాడన్న సంగతి, ఆజ్ఞలు పాటించిన చేతికే ఆజ్ఞలు ఇచ్చే అధికారం వస్తే ఏమవుతుందన్న సంగతి, మూడో నవలకు వదిలిపెట్టినవి.

ఈ పుస్తకంలో లోపాలు లేకపోలేదు. ఆరువందల పేజీలు దాటిన ఈ నవల నదీమార్గంలో సాగే దండయాత్ర దగ్గర బాగా నెమ్మదిస్తుంది, సైనిక వ్యూహాల వివరణ కొన్నిచోట్ల పాఠ్యపుస్తకాన్ని తలపిస్తుంది. రిన్ దళంలోని షామన్‌లలో కొందరికి చావు వచ్చేదాకా తగిన బతుకే దొరకదు, కాబట్టి ఆ చావులు కలిగించవలసినంత దుఃఖం కలిగించవు. హెస్పీరియన్లలో ఒక్కరైనా తమ వారి నమ్మకాలను లోలోపల అనుమానించే మనిషిగా కనిపించరు. ధూసరత్వాన్ని ఇంత శ్రద్ధగా పరిశీలించిన రచయిత్రి వారికి మాత్రం దాన్ని ఇవ్వలేదు. పాఠకుణ్ణి నిజంగా విసిగించేది రిన్ ఒకే తప్పును మళ్ళీమళ్ళీ చేయడం. అయితే దాన్ని లోపంగా లెక్కించడం న్యాయం కాదు, వ్యసనమూ విధేయతా పనిచేసే తీరే అది.

రిన్ జీవితానికి మావో జెడాంగ్ ఎదుగుదలను నమూనాగా తీసుకున్నానని, మావో ఒక యువతి అయి ఉంటే అన్న ఆలోచన ఈ నవలాత్రయానికి మూలమని క్వాంగ్ బహిరంగంగానే చెప్పింది. ఆ సంగతి తెలిసిన తరువాత రెండో నవల ముగింపును మరోసారి చదివితే, దక్షిణ గ్రామాల వైపు కదిలే ఆ అడుగులు మరింత భయాన్ని కలిగిస్తాయి. కథ ‘ది బర్నింగ్ గాడ్’తో 2020 నవంబరులో పూర్తయింది, ఆ ఏడాదే ఆమెకు వర్ధమాన రచయితలకిచ్చే ఆస్టౌండింగ్ పురస్కారం లభించింది, మరుసటి ఏడాది నవలాత్రయం మొత్తం హ్యూగో పురస్కారపు తుదిజాబితాకు చేరింది. ఇవి పెద్దల పుస్తకాలు; నాయిక వయసు చూసి పిల్లల చేతికి ఇవ్వదగినవి కావు, యుద్ధకాలపు అత్యాచారాల ప్రస్తావనలు, ఆత్మహింస, మత్తు వ్యసనం వీటిలో దాపరికం లేకుండా ఉన్నాయి. చదవదలచిన వారు తప్పనిసరిగా ‘ది పాపీ వార్’తో మొదలుపెట్టాలి, వీలైతే రెండు నవలల మధ్య నాన్జింగ్ గురించి ఒక చరిత్ర పుస్తకం కూడా చదవాలి.